కారు ఏసీ మరమ్మతు: ఇంట చేయదగినవి, చేయరానివి

తెలుగు పంచాంగాలు కర్తరి అని పేర్కొనే రోజులనే చెన్నైలో కత్తిరి అని, అగ్నినక్షత్రం అని వ్యవహరిస్తారు. మే మొదటి వారంలో ఆరంభమై నెలాఖరు దాకా సాగే ఆ ఎండలలో నగరంలోని ఏసీ మెకానిక్ షెడ్ల ముందు కార్లు బారులు తీరుతాయి. వాటిలో సొంత కార్లతోపాటు, అద్దెకు నడిచే టాక్సీలు కూడా ఉంటాయి. టాక్సీ నడిపి కుటుంబాన్ని పోషించుకొనేవారికి ఏసీ పనిచేయని రోజు సంపాదన లేని రోజే. అందుచేత షెడ్డులో "గ్యాస్ అయిపోయింది, నింపాలి" అనగానే మారుమాట లేకుండా డబ్బు చెల్లిస్తారు. కొన్నాళ్లు చల్లగాలి వస్తుంది. మరుసటి వేసవికి మళ్లీ అదే మాట వినబడుతుంది.

ఆ మాటలోనే పొరపాటు ఉన్నది. కారు ఏసీలోని గ్యాస్ పెట్రోలు వలె ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాలలో నిరంతరం తిరుగుతూ ఉండేది. అది తగ్గినదంటే ఎక్కడో కారుతున్నదని అర్థం. కారే చోటును వెదకకుండా గ్యాస్ నింపడం చిల్లుకుండలో నీరు పోయడమే. ఏసీ ఏ విధంగా పనిచేస్తుంది, వాహనదారు స్వయంగా ఏయే పరీక్షలు చేసుకోవచ్చు, ఏ పనిని షెడ్డుకు విడిచిపెట్టాలి, అక్కడ ఏమి అడగాలి అన్న విషయాలు ఈ పాఠంలో వివరించబడినవి.

1. ఏసీ పనిచేసే తీరు

మట్టికుండలో నీరు చల్లబడడానికి కారణం అందరికీ తెలిసినదే. కుండ పైపొరలో ఊరిన తడి ఆవిరి అయ్యేటప్పుడు లోపలి నీటి నుండి వేడిని తీసుకొనిపోతుంది. కారు ఏసీకీ అదే సూత్రం ఆధారం. కుండ తడి గాలిలో కలిసిపోతుంది. ఏసీలో ఆవిరి అయిన పదార్థం మళ్లీ ద్రవంగా మారి వెనుకకు వస్తుంది. అంతే భేదం.

ప్రస్తుతం మన రోడ్ల మీద తిరుగుతున్న కార్లలో అధికభాగం ఆర్-134ఏ అనే వాయువుతో పనిచేస్తున్నవి. సాధారణ వాతావరణ పీడనంలో అది సున్నాకు దిగువన 26 డిగ్రీల సెల్సియస్ వద్దే మరుగుతుంది. దాని ప్రయాణంలో నాలుగు మజిలీలు ఉన్నవి.

మొదటిది కంప్రెసర్. ఇంజను బలంతో తిరుగుతూ గ్యాస్‌ను అదిమి, వేడెక్కించి ముందుకు నెట్టుతుంది. రెండవది కండెన్సర్. రేడియేటరుకు ముందు, బంపరు వెనుక ఉండే పలుచని జల్లెడ వంటి భాగమిది. ఇక్కడ గ్యాస్ తన వేడిని బయటిగాలికి వదలి ద్రవమవుతుంది. మూడవది ఎక్స్‌పాన్షన్ వాల్వ్. సన్నని రంధ్రం గుండా ద్రవాన్ని పంపి దాని పీడనాన్ని ఒక్కసారిగా తగ్గిస్తుంది. నాలుగవది డాష్‌బోర్డు లోపల ఉండే ఎవాపరేటర్. పీడనం తగ్గిన ద్రవం ఇక్కడ మరిగి, కారు లోపలి గాలి నుండి వేడిని పీల్చుకుంటుంది. అక్కడి నుండి గ్యాస్ తిరిగి కంప్రెసర్‌కు చేరుతుంది.

ఈ గ్యాస్‌తోపాటు కొద్దిపాటి నూనె కూడా గొట్టాలలో తిరుగుతూ కంప్రెసర్‌కు జిగురునిస్తుంది. గ్యాస్ కారినచోట నూనె కూడా కారుతుంది. గ్యాస్ మరీ తగ్గినప్పుడు మిగిలిన నూనె కూడా సరిగా తిరిగిరాదు. ఆ స్థితిలో బండిని నడుపుతూపోతే కంప్రెసర్ అరిగి, లోహపు రజను వ్యవస్థ అంతటా వ్యాపిస్తుంది. ఏసీలో అన్నిటికంటె ఖరీదైన భాగం అదే. కొద్ది ధరకు దొరికే ఒక రబ్బరు వలయాన్ని మార్చకపోవడం వల్ల కంప్రెసర్‌నే మార్చవలసిన దుస్థితి ఈ విధంగా ఏర్పడుతుంది.

2. పరీక్షలకు ముందు జాగ్రత్తలు

పరీక్షలు ఆరుబయట, నీడపట్టున చేయాలి. అపార్టుమెంటు సెల్లారులో ఇంజను నడుపుతూ చేయరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం. పైగా ఏసీ గ్యాస్ గాలికంటె బరువైనది కనుక పల్లపు చోట పేరుకొని ఊపిరి ఆడకుండా చేయగలదు.

లుంగీ అంచు, చున్నీ, పైట కొంగు, వదులు చొక్కా చేతులు బెల్టుకూ ఫ్యానుకూ దూరంగా ఉండాలి. ఇంజను ఆపిన తరువాత కూడా విద్యుత్ ఫ్యాను హఠాత్తుగా తిరగవచ్చునని మరువరాదు.

విద్యుత్ కార్లలో, హైబ్రిడ్ కార్లలో ఏసీ కంప్రెసర్ అధిక వోల్టేజీతో పనిచేస్తుంది. నారింజరంగు తొడుగు ఉన్న తీగల జోలికి వెళ్లరాదు. అటువంటి కార్లకు ఫిల్టరు మార్చడం మినహా ఇంట ఏ మరమ్మతూ తగదు.

3. ఇంట చేయదగిన ఆరు పరీక్షలు

ఏసీ చల్లదనం తగ్గిన ప్రతిసారీ గ్యాసే కారణం కానక్కరలేదు. ఈ ఆరింటినీ వరుసగా చూసిన తరువాతనే షెడ్డుకు వెళ్లడం మేలు.

ఒకటి, క్యాబిన్ ఫిల్టరు. గాలి చల్లగానే ఉండి వేగం తక్కువగా ఉంటే మొదట అనుమానించవలసినది దీనినే. చాలా కార్లలో ఇది గ్లవ్ బాక్సు వెనుక ఉంటుంది. కారుతో ఇచ్చిన పుస్తకంలో దాని చోటు, తీసే విధానం ఉంటాయి. దుమ్ముతో నల్లబడినదైతే కొత్తది వేయాలి. గాలి వెళ్లే దిశను చూపే బాణం గుర్తును గమనించి అమర్చాలి.

రెండు, కండెన్సర్. ఇంజను చల్లారిన తరువాత ముందరి జాలీ గుండా చూస్తే ఎండుటాకులు, పురుగులు, మట్టి అడ్డుపడి ఉండడం కనిపిస్తుంది. బకెట్టు నీటితో మెల్లగా కడిగినా చాలు. వాటర్ సర్వీసు యంత్రపు ధాటికి పలుచని రేకులు వంగిపోతాయి కనుక దానిని నేరుగా ప్రయోగించరాదు. సముద్రతీరంలో నిలిపి ఉంచే కార్లలో ఉప్పుగాలి ఈ రేకులను త్వరగా తినివేస్తుంది. అట్టి కార్లకు తరచు మంచినీటి కడుగుడు అవసరం.

మూడు, కండెన్సర్ ఫ్యాను. ఏసీ వేసిన కొద్దిసేపటికి ముందరి ఫ్యాను తిరగాలి. రోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడు చల్లగా ఉండి, సిగ్నలు వద్ద ఆగగానే వేడిగాలి వస్తున్నదంటే లోపం సాధారణంగా ఈ ఫ్యానులో గానీ, దాని ఫ్యూజులో గానీ, రిలేలో గానీ ఉంటుంది. ఇటువంటి కారులో ఎంత గ్యాస్ నింపినా ప్రయోజనం ఉండదు.

నాలుగు, కంప్రెసర్ క్లచ్. ఏసీ మీట నొక్కగానే ఇంజను వైపు నుండి "టక్" అనే శబ్దం వినిపించి, కంప్రెసర్ ముందరి పళ్లెం తిరగాలి. అలా జరగకపోతే ముందుగా ఫ్యూజును చూడాలి. అది బాగుంటే గ్యాస్ బాగా తగ్గి, రక్షణ స్విచ్ కంప్రెసర్‌ను ఆపి ఉండవచ్చు. స్విచ్ తీగలను కలిపి కంప్రెసర్‌ను బలవంతంగా తిప్పడం దానిని చేతులారా పాడుచేసుకోవడమే. కొన్ని కొత్త కార్లలో క్లచ్ ఉండదు. వాటికి ఈ పరీక్ష వర్తించదు.

ఐదు, నీటిచుక్కలు. ఏసీ నడిచేటప్పుడు కారు కింద నీరు కారడం లోపం కాదు. గాలిలోని తేమ ఎవాపరేటర్ మీద నీరై బయటికి పోతున్నదని గుర్తు. ఆ నీరు లోపలి కాలిపట్టాల మీద చేరితే మాత్రం నీటిగొట్టం మూసుకొనిపోయినదని తెలుసుకోవాలి.

ఆరు, నూనె మరకలు. గొట్టాల అతుకుల వద్ద, కండెన్సర్ మీద, కంప్రెసర్ ముందుభాగాన జిడ్డుగా దుమ్ము పట్టి ఉంటే అది గ్యాస్ కారిన ఆనవాలు. గ్యాస్ నింపే రెండు ద్వారాల మూతలు ఉన్నవో లేవో కూడా చూడాలి. ఇంజను ఆపి, సబ్బునురుగు రాసి చూస్తే పెద్ద చిల్లుల వద్ద బుడగలు లేస్తాయి. బుడగలు రానంత మాత్రాన చిల్లు లేదని నిర్ణయించరాదు; సన్నని చిల్లులకు షెడ్డులోని పరికరాలే కావాలి.

ఈ ఆరింటితోపాటు ఒక చిన్న కొలత ఉపకరిస్తుంది. గదిలో వాడే డిజిటల్ థర్మామీటరును మధ్య గాలిద్వారం వద్ద ఉంచి, అద్దాలు మూసి, లోపలిగాలినే తిప్పే మీట వేసి పది నిమిషాలు నడిపి చూడాలి. అక్కడి అంకెను, బయటి ఉష్ణోగ్రతను తేదీతో ఒక పుస్తకంలో రాసి ఉంచుకుంటే, మరమ్మతుకు ముందూ తరువాతా ఎంత తేడా వచ్చినదో ఎవరి మాటా నమ్మనక్కరలేకుండా తెలుస్తుంది.

4. గ్యాస్ ఎంత ఉన్నదో పీడనం చెప్పదు

ఈ పాఠంలో అన్నిటికంటె ముఖ్యమైన అంశం ఇదే. వంటగ్యాస్ సిలిండరును ఉదాహరణగా తీసుకోవచ్చు. సిలిండరు నిండుగా ఉన్ననాడూ, అడుగంటబోయే ముందు రోజూ పొయ్యి మంట దాదాపు ఒకే తీరుగా వెలుగుతుంది. లోపల ద్రవం కొంచెమైనా మిగిలి ఉన్నంతవరకు పీడనం వేడిని బట్టి ఉంటుంది గాని పరిమాణాన్ని బట్టి ఉండదు. ఎంత మిగిలినదో తెలియాలంటే సిలిండరును ఎత్తి బరువు చూడవలసినదే.

కారు ఏసీ కూడా అంతే. ఇంజను ఆపి ఉన్నప్పుడు 30 డిగ్రీల వేడిలో ఆర్-134ఏ పీడనం చదరపు అంగుళానికి సుమారు 95 నుండి 100 పౌండ్లు ఉంటుంది. లోపల 450 గ్రాములు ఉన్నా, 250 గ్రాములు ఉన్నా మీటరు ముల్లు ఇంచుమించు అక్కడే నిలుస్తుంది. బండి నడుస్తున్నప్పుడు చూపే పీడనాలు లోపం ఎటు ఉన్నదో సూచిస్తాయి. ఆ సమయంలో అల్పపీడన గొట్టంలో సాధారణంగా 25 నుండి 45 పౌండ్లు ఉంటుంది. అయితే బయటి వేడి, గాలిలోని తేమ, ఇంజను వేగం, ఫ్యాను పనితీరు వీటన్నిటినీ బట్టి ఆ అంకె మారుతూ ఉంటుంది. కనుక అది కూడా గ్రాముల లెక్కను చెప్పలేదు.

గ్యాస్ ఎన్ని గ్రాములు ఉండాలన్నది, అది ఏ రకమన్నది బానెట్ లోపల అతికించిన కాగితం మీద ముద్రించి ఉంటుంది. చిన్న కార్లకు ఇది సుమారు అరకిలో లోపుగా ఉండడం పరిపాటి. అంతకంటె ఎక్కువ నింపితే చల్లదనం పెరగదు. అధికపీడనం ఏర్పడి చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్‌కూ హాని కలుగుతుంది. ఉన్నదానికి కొంత కలపడం ఊహ మీద ఆధారపడిన పని. పాతదంతా తీసివేసి, తూకం వేసి కొత్తగా నింపడమే సరైన పద్ధతి.

5. షెడ్డులో సక్రమంగా జరగవలసిన పని

మొదటగా, లోపల మిగిలిన గ్యాస్‌ను రికవరీ యంత్రం ద్వారా సిలిండరులోకి తీసుకోవాలి. రెండవదిగా, కారే చోటును కనుగొనాలి. ఇందుకు గ్యాస్‌ను పసికట్టే పరికరం గానీ, నీలలోహిత కాంతిలో మెరిసే రంగు గానీ, పొడి నైట్రోజన్ పీడనం గానీ వాడతారు. ప్రాణవాయువుతో ఎన్నడూ పరీక్షించరాదు. నూనెతో కలిసి పేలే ప్రమాదం ఉన్నది. మూడవదిగా, చెడిన రబ్బరు వలయాన్నో, గొట్టాన్నో, కండెన్సర్‌నో మార్చి, పోయిన నూనెకు తగినంత సరైన రకం నూనె పోయాలి.

నాలుగవది వ్యాక్యూమ్ పంపు పని. కనీసం అరగంట సేపు లోపలి గాలినంతా లాగివేయాలి. గాలి పీడనాన్ని ఇరవైఐదవ వంతుకు తగ్గిస్తే నీరు 30 డిగ్రీల లోపే మరుగుతుంది. గొట్టాలలో చేరిన తేమ ఆవిధంగా ఆవిరి అయి బయటికి పోతుంది. తేమ మిగిలిపోతే నూనెతోనూ గ్యాస్‌తోనూ కలిసి ఆమ్లమై లోహాన్ని తింటుంది. వాల్వ్ రంధ్రం వద్ద మంచుగా గడ్డకట్టి దారి మూసివేస్తుంది. పంపు ఆపిన తరువాత ముల్లు కదలకుండా నిలుస్తున్నదో లేదో మరికొంతసేపు చూడాలి. ముల్లు పైకి వస్తే చిల్లు ఇంకా ఉన్నదన్నమాట. అది నిలిచిన తరువాతనే, కాగితం మీద చెప్పిన గ్రాములను తూకం వేసి నింపాలి.

6. డబ్బా గ్యాస్‌తో స్వయంగా నింపదలచినవారికి

విడి భాగాల దుకాణాలలోనూ ఆన్‌లైనులోనూ గ్యాస్ డబ్బాలు దొరుకుతాయి. గొట్టాల రబ్బరు గుండా అయిదారేళ్లలో కొద్దికొద్దిగా తగ్గిన కారులో ఇది కొంతకాలం ఊరట కలిగించవచ్చు. ఏటా తగ్గుతున్న కారుకు ఇది చికిత్స కాదు. నింపినది ఎంతో తెలిసినా, లోపల అంతకుముందు ఎంత ఉన్నదో తెలియదన్న లోటు ఎప్పుడూ ఉంటుంది. అయినప్పటికీ పూనుకొనేవారు ఈ హద్దులు దాటరాదు.

డబ్బా మీది గ్యాస్ పేరు, బానెట్ కాగితం మీది పేరు ఒక్కటే కావాలి. కొన్ని కొత్త కార్లలో వాడే ఆర్-1234వైఎఫ్ స్వల్పంగా మండే స్వభావం కలది. దానిని ఆర్-134ఏతో కలపరాదు. చవకగా వస్తుందని వంటగ్యాస్ వంటి మండే వాయువులను నింపించుకోరాదు. ఎవాపరేటర్ చిల్లుపడితే అది కారు లోపలికే చేరుతుంది.

గొట్టాన్ని అల్పపీడన ద్వారానికే తగిలించాలి. అధికపీడన ద్వారానికి తగిలిస్తే డబ్బా పగిలిపోవచ్చు. రెండు ద్వారాల కొలతలు వేరుగా ఉండడం ఈ పొరపాటు జరగకూడదనే. తగలకపోతే వేరే అతుకుతో బలవంతం చేయరాదు.

కళ్లద్దాలు, మందపాటి చేతితొడుగులు తప్పనిసరి. బయటపడిన ద్రవం చర్మాన్ని క్షణంలో గడ్డకట్టించగలదు. కంటిలో పడితే చూపు పోవచ్చు. డబ్బాను నిటారుగా పట్టాలి. తలకిందులు చేస్తే ద్రవమే కంప్రెసర్‌లోకి పోయి దానిని విరుస్తుంది. డబ్బాను మంట మీద గానీ, మరిగే నీటిలో గానీ వేడి చేయరాదు. పక్కన సిగరెట్టు, వెల్డింగు ఉండరాదు. ఆర్-134ఏ నిప్పును తాకితే విషవాయువులు పుడతాయి.

ముందూ తరువాతా డబ్బాను తూచి, ఎన్ని గ్రాములు వెళ్లినదో రాసుకోవాలి. కొద్ది గ్రాములకే చల్లదనం రాకపోతే ఆపివేసి షెడ్డుకు వెళ్లడం వివేకం.

7. ఆ గ్యాస్ ఎక్కడికి పోతుంది?

కారిపోయిన గ్యాస్ మాయమైపోదు. ఊరందరూ పీల్చే గాలిలో చేరుతుంది. పాత కార్లలో వాడిన ఆర్-12 ఆకాశంలోని ఓజోన్ పొరను తినివేసేది. 1987 సెప్టెంబరు 16న కుదిరిన మాంట్రియల్ ఒప్పందం దానిని క్రమంగా నిలిపివేసింది. భారతదేశం 1992లో ఆ ఒప్పందంలో చేరింది. ఆర్-134ఏ ఓజోన్‌ను తినదు గాని, భూమి వేడిని పెంచడంలో బొగ్గుపులుసు వాయువుకు సుమారు 1,430 రెట్ల బలం కలది. అందుచేత ఈ వర్గపు వాయువులను కూడా తగ్గించాలని 2016లో రువాండా రాజధాని కిగాలీలో సవరణ జరిగింది; భారతదేశం 2021లో దానిని ఆమోదించింది.

లెక్క వేసి చూస్తే విషయం స్పష్టమవుతుంది. 450 గ్రాముల ఆర్-134ఏ గాలిలో కలిస్తే, దాదాపు 640 కిలోల బొగ్గుపులుసు వాయువు వదిలినంత ప్రభావం ఉంటుంది. అది సుమారు 280 లీటర్ల పెట్రోలు కాల్చిన దానితో సమానం. లీటరుకు 15 కిలోమీటర్లు నడిచే కారు 4,000 కిలోమీటర్లకు పైగా తిరిగినంత అన్నమాట. ఏటా కారే ఒక్క కారు ఏటా ఇంతటి భారాన్ని గాలిపై మోపుతున్నది. కత్తిరి ఎండలకు జడిసి ఏసీ వేసుకొనేవారే ఆ ఎండలకు ఇంధనం చేర్చడం తగదు.

ఈ కారణంచేత, షెడ్డులో పాత గ్యాస్‌ను "బుస్సు"మని గాలిలోకి వదలనివ్వరాదు. ఖాళీ డబ్బాలను, పాత ఏసీ నూనెను తడిచెత్తలోనో, మురుగుకాలువలోనో వేయరాదు. డబ్బాకు చిల్లు పొడవరాదు, కాల్చరాదు. వాటిని విడిగా ఉంచి, గృహ ప్రమాదకర వ్యర్థంగా పారిశుధ్య సిబ్బందికి చెప్పి అప్పగించాలి.

8. షెడ్డులో పలకవలసిన నాలుగు మాటలు

తమిళం ఇంకా పట్టుబడనివారికి ఈ వాక్యాలు ఉపకరిస్తాయి.

చిల్లు ఎక్కడ ఉన్నదో మొదట చూడండి: "లీక్ ఎంగ ఇరుక్కున్ను ముదల్ల పారుంగ."
ఏ గ్యాస్ వేస్తున్నారు, ఎన్ని గ్రాములు?: "ఎన్న గ్యాస్ పోడ్రీంగ, ఎత్తన గ్రామ్?"
పాత గ్యాస్‌ను గాలిలోకి వదలకండి: "పళయ గ్యాస్ కాత్తుల విడాదీంగ."
బిల్లులో రాయండి: "బిల్లుల ఎళుదుంగ."

బిల్లులో గ్యాస్ పేరు, గ్రాములు, మార్చిన భాగం, నూనె రకం ఈ నాలుగూ ఉండాలి. వచ్చే వేసవిలో మళ్లీ చల్లదనం తగ్గితే, వాహనదారు చేతిలో ఉండే ఆధారం ఆ కాగితమే.

9. వేసవి కాని రోజులలో

చలికాలంలోనూ వారానికి ఒకసారి పది నిమిషాలు ఏసీ నడపాలి. నూనె తిరిగి, కంప్రెసర్ ఇరుసు వద్ద ఉండే రబ్బరు ఎండిపోకుండా ఉంటుంది. ఎండలో నిలిపిన కారును ఎక్కగానే అద్దాలు దించి, వేడిగాలిని బయటికి పంపిన తరువాత ఏసీ వేస్తే యంత్రానికి శ్రమ తగ్గుతుంది. ఫిబ్రవరిలోనే ఆరు పరీక్షలూ చేయించుకున్నవారికి మే నెలలో షెడ్డు ముందు నిరీక్షించే అవసరం రాదు.

పునశ్చరణ ప్రశ్నలు

1. రోడ్డు మీద చల్లగా ఉండి, సిగనలు వద్ద వేడిగాలి వచ్చే కారులో మొదట ఏ భాగాన్ని పరీక్షించాలి?
2. ఇంజను ఆపి ఉన్నప్పుడు పీడనం సరిగా ఉన్నంత మాత్రాన గ్యాస్ నిండుగా ఉన్నదని ఎందుకు చెప్పరాదు?
3. గ్యాస్ నింపడానికి ముందు వ్యాక్యూమ్ పంపు నడపడం వల్ల కలిగే ప్రయోజనాలు రెండు చెప్పండి.
4. మీ కారు బానెట్ కాగితం మీద ఏ గ్యాస్ పేరు, ఎన్ని గ్రాములు ముద్రించి ఉన్నవి? ఇప్పుడే చూసి ఇక్కడ రాసుకోండి.